గోడ తొడుక్కున్న పైజామా

ఆ ఉదయం టైలరమ్మ వేసుకున్న పథకం చిన్నదే. పైవాటాలో ఉండే ఇంటి ఓనరు గోడ చూడ్డానికి దిగొచ్చేలోగా గోడ మీది తెర తీసి, వెనకున్న చెమ్మ మరక తుడిచి, సున్నం పూసి, తెర మళ్లీ కట్టేయాలి. గోడ పాడైందని తేలితే ఇల్లు ఖాళీ చేయాల్సిందేనని ఆయన ముందే చెప్పాడు. ఆ ముందుగదే ఆమె కుట్టు దుకాణం. గది పోతే గిరాకీ పోతుంది, గిరాకీ పోతే బతుకు పోతుంది.

చెమ్మ ఎక్కడిదని అడిగితే ఓనరు దగ్గర జవాబు సిద్ధం. "నీ ఇస్త్రీపెట్టె ఆవిరేనమ్మా!" ఓనర్ల లెక్కలో చెమ్మెప్పుడూ అద్దెకున్నవాళ్ల దగ్గరే పుడుతుంది మరి.

మరక మొదట అరచేయంత ఉండేది. బట్ట మీద వదలని మరకుంటే టైలరమ్మ దాని మీద పువ్వు కుట్టేస్తుంది. గోడకీ అదే వైద్యం చేసింది. పూలగుడ్డ ఒకటి మేకులతో కొట్టింది. మరక గుడ్డ దాటింది. ఆమె అంచు అతికింది. మరక అంచూ దాటింది. చలికాలమంతా ఇద్దరూ పంతం పట్టేసరికి గోడ నిండా తెరే మిగిలింది. దాని వెనక ఏముందో చూసే ధైర్యం ఇంట్లో ఎవరికీ లేకపోయింది.

ఇప్పుడామె, బస్సు డ్రైవరైన మొగుడు చెరో కొస పట్టుకుని లాగారు. లాగి, అలాగే నిలబడిపోయారు.

అక్కడ గోడ లేదు, అడవి ఉంది. నల్లటి మఖమలు మీద పచ్చటి వలయాలు, వలయాల్లో నారింజ చుక్కలు, వాటిని కలుపుతూ తెల్లటి నూగు దారాలు. ఎవరూ అడక్కుండా, చీకట్లో, తడి తాగి ఇంత పని చేసింది బూజు.

"ఇంత పనితనం నీ చేతిలో కూడా చూళ్లేదే," అన్నాడు డ్రైవరు గుసగుసగా.

"నోరు మూసుకో. ముక్కు కూడా." ఆమె కళ్లు మాత్రం దాన్ని వదల్లేదు.

డ్రైవరు తడిగుడ్డతో రుద్దాడు. బూజుతో సున్నం, సున్నంతో పెచ్చులు ఊడి కాళ్ల మీద పడ్డాయి. ఆరబెడదామని ఫ్యాను తిప్పాడు. నల్లపొడి లేచి, ఆస్పత్రికి పంపాల్సిన తెల్లకోట్లన్నిటి మీదా వాలింది.

"ఆపవయ్యా మహానుభావా!"

"ఆరుతుందనుకున్నా!"

తలుపు చప్పుడైంది. తెర కడదామంటే నానిన గోడలో మేకు నిలవలేదు. డ్రైవరు తెర రెండు కొసలూ పట్టుకుని, చేతులు బార్లా చాపి గోడకి అంటుకుపోయాడు.

చారల చొక్కాలో వచ్చాడు ఓనరు. "మీ ఆయనేంటమ్మా, అలా ఉన్నాడు?"

"నడుం నొప్పి బాబాయ్‌గారూ. చల్లటి గోడకి ఆనుకుంటే హాయిగా ఉంటుందట."

"నిజమా? నన్నూ చంపేస్తోంది. కాస్త జరగవయ్యా!"

వద్దు వద్దంటుండగానే ఆయన మూలకి ఆనుకున్నాడు. అక్కడ పైనుంచి దిగే గొట్టాన్ని మూస్తూ పలచటి చెక్క కొట్టి ఉంది. అది మెత్తబడిపోయింది. ఓనరు వీపు, భుజాలు, తల వరసగా లోపలికెళ్లిపోయాయి. కాళ్లు మాత్రం గదిలో మిగిలాయి.

మొగుడూ పెళ్లాం తెర వదిలేసి, చెరో కాలు పట్టుకుని లాగారు. ఆయనతో పాటు నీళ్లొచ్చాయి. మెడకి చుట్టుకుని ఓ తడిబట్ట కూడా వచ్చింది. దానికి రెండు కాళ్లున్నాయి. చారలు, అచ్చం ఆయన చొక్కా చారలే. చలికాలం మొదట్లో టైలరమ్మ కుట్టిచ్చిన జత అది.

"బాబాయ్‌గారూ, ఈ పైజామాని గొట్టానికెందుకు తొడిగారు?"

ఓనరు వినడం లేదు. నీళ్లోడుతూ అడవిని చూస్తున్నాడు. "అమ్మో! ఇదంతా మా స్నానాలగది కారడం వల్లేనా?"

"కారుతోందని మీకు తెలుసా?"

"పైనుంచి చెయ్యి పెట్టి పైజామా చుట్టానుగా! ఆగిందనుకున్నా."

టైలరమ్మకి తిట్టాలనిపించింది. తనూ పూలతెరతో మరక దాచినదే కాబట్టి సగమే తిట్టింది.

"మరి ఖాళీ చేయాలా?" అడిగాడు డ్రైవరు.

"ఏ మొహంతో చెప్పనయ్యా? గొట్టం మార్పిస్తా, గోడ కట్టిస్తా."

"అందాకా నా మిషను మీ హాల్లో ఉంటుంది," అంది టైలరమ్మ. మెడలో పైజామాతో ఆయన కాదనలేకపోయాడు.

అప్పట్నుంచీ ఓనరు హాల్లో పొద్దస్తమానం ఇస్త్రీపెట్టె ఆవిరి కక్కుతూనే ఉంది. ఆ హాలు గోడకి మాత్రం ఇంతవరకూ చెమ్మ రాలేదు.