ఇంట్లో కప్పలుండరాదు

హాబీ ఉన్న ప్రతి మగవాడి ఇంట్లోనూ వెంటనే ఒక బిడ్డ పుట్టాలి! పుట్టేదాకా ఆగక్కర్లేదు, పుట్టబోతోందన్న కబురు చాలు. మనిషి బాగుపడిపోతాడు.

నవ్వకండి. అనుభవం మీద చెబుతున్నాను. స్టాంపులు దాచేవాళ్లు, గడియారాలు పోగేసేవాళ్లు, పాత కెమెరాలు కొని వాటి ముందు కూర్చుని నిట్టూర్చేవాళ్లు, అందరూ కాస్త దగ్గరికి జరగండి. త్వరలో తండ్రులు కాబోయేవాళ్లు ముందు వరసలోకి రండి. మీలో ఒకాయన ఉన్నాడు. ఆయన సంగతి తర్వాత.

నాది తాళాలు బాగుచేసే దుకాణం. ఆరో తరగతిలోనే బడికి తాళం వేసి, మర్నాటి నుంచి మా పెదనాన్న పక్కన ఆకురాయి పట్టుకుని కూర్చున్నాను. ముప్పై అయిదేళ్లయింది. నేను తీయలేని తాళం ఇంతవరకు ఎవరూ చేయలేదని మా వీధిలో పేరు. ఆ పేరు నేనే పెట్టుకున్నాను, కానీ ఎవరూ కాదనలేదు.

వారమంతా జనం తాళాలు తీసి సంపాదించేవాణ్ని. ఆదివారం పాత సామాన్ల వాడి దగ్గర తాళాలు కొని పోగొట్టేవాణ్ని. "నీకోసమే పక్కన పెట్టానన్నా, ఎవరికీ చూపించలేదు" అనేవాడు వాడు. సరుక్కి ఒక రేటు, ఆ 'నీకోసమే'కి ఇంకో రేటు!

అలా పోగైనవి రెండు వందల పన్నెండు తాళంకప్పలు. చేప ఆకారంలో ఒకటి. చెవి తిప్పితే గణగణ గంట మోగేది ఒకటి. దొంగలను ఏడిపించడానికి ముందువైపు ఉత్తుత్తి కన్నం పెట్టి, అసలు కన్నం అడుగున దాచుకున్నది ఒకటి. మూడు కిలోల జైలు తాళం ఒకటి. గంట తాళం వచ్చిన ఏడాది ఇంటికి రావలసిన కొత్త ఫ్రిజ్ రాలేదు. రెండు చెవులతో తప్ప తెరుచుకోని తాళం వచ్చిన రోజున స్కూటర్ వెళ్లిపోయింది.

"స్కూటర్ అమ్మి తాళం కొన్నారు. బాగుంది. ఇప్పుడు ఆ తాళం దేనికి వేస్తారు?" అని అడిగింది మా ఆవిడ.

న్యాయమైన ప్రశ్నే. నాలుగేళ్లయింది, ఇంకా ఆలోచిస్తున్నాను.

ఇలా పాడైపోతున్న నన్ను కాపాడడానికి, పెళ్లయిన పదమూడేళ్లకు, మా ఇంటికి ఆ చల్లని కబురు వచ్చింది. నాకప్పుడు నలభై ఆరు. డాక్టరమ్మ నా బట్టతల వంక చూసి "తాతగారూ, మీరు బయట కూర్చోండి. అమ్మాయి భర్తను లోపలికి పంపండి" అంది. నేను బయటికి వెళ్లి, మళ్లీ లోపలికి వచ్చాను. ఏం చేస్తాం?

ఇంటికి రాగానే మా ఆవిడ నడుం మీద చేయి పెట్టుకుని హాలు నాలుగు గోడలూ చూసింది. తాళాలన్నీ గోడలకే వేలాడుతున్నాయి మరి.

"ఏవండీ, కప్పలు తగ్గించాలి."

"తగ్గిద్దాం. నూట యాభై చాలు."

"పన్నెండు."

మా అత్తగారు ఆ వారమే సాయానికి వచ్చింది. "పన్నెండు మాత్రం ఎందుకమ్మా? ఇల్లంతా కప్పలే! వానాకాలం గుంటలో కాపురం చేస్తున్నట్టుంది. ఇవి అరవడం ఒక్కటే తక్కువ" అంది.

సరిగ్గా అప్పుడే గంట తాళం మీద నా మోచెయ్యి తగిలి గణగణమంది. ఆ తక్కువ కూడా తీరిపోయింది.

చూడండి, తాళానికైనా చెవి ఉంటుంది. నా మాట వినడానికి ఆ ఇంట్లో ఒక్కరికీ చెవి లేదు!

అయినా నేను పన్నెండుకు ఒప్పుకున్నాను. ఏ పన్నెండు ఉంచాలో తేలక నాలుగు రోజులు అన్నం సయించలేదు. అయిదో రోజున మా బావమరిది వచ్చాడు. ఆ పన్నెండు బాధ కూడా లేకుండా చేశాడు.

మా బావమరిది ఒక గోదాములో సేఫ్టీ ఆఫీసరు. ఎర్ర బకెట్లలో ఇసుక ఉందో లేదో చూసి సంతకం పెట్టడం అతని ఉద్యోగం. వాళ్లక్క ఫోను చేయగానే సెలవు పెట్టి, మోకాళ్లకు ప్యాడ్లు కట్టుకుని, టేపు పట్టుకుని, వీధి గుమ్మంలోంచే పాక్కుంటూ ఇంట్లోకి వచ్చాడు.

"ఏం పడిపోయిందిరా?" అన్నాను నేనూ వంగి వెతుకుతూ.

"ఏమీ పడలేదు బావా. సేఫ్టీ చెకింగ్. బిడ్డ కళ్లతో చూడాలి ఇంటిని."

బిడ్డ కళ్లతో చూస్తూ, తన సొంత పొట్టతో సోఫా కింద దూరాడు. ఇరుక్కుపోయాడు. ఒక కాలు నేనూ ఒక కాలు మా అత్తగారూ పట్టుకుని లాగాం. బయటపడ్డాక కూడా అధికారం తగ్గలేదు.

"బావా, ఈ తాళాలు అన్నీ డేంజరే. తుప్పు, అంచులు, బరువు. పిల్లలు ఏది దొరికితే అది నోట్లో పెట్టుకుంటారు."

"మూడు కిలోల జైలు తాళం నోట్లో పెట్టుకునే పిల్ల పుడితే సర్కస్ వాళ్లకు కబురు చేద్దాంలేరా."

"జోకులొద్దు బావా. సేఫ్టీ అంటే జీరో. పన్నెండు కూడా రిస్కే."

మా ఆవిడ నా వంక చూసింది. కడుపుతో ఉన్న ఆడమనిషి అలా చూస్తే రెండు వందల పన్నెండేమిటి, రెండు వేల తాళాలైనా ఊడొస్తాయి.

"వీటిని అమ్మను మాత్రం అమ్మను" అన్నాను.

"అమ్మడం ఎందుకు బావా? మా ఇంట్లో దాస్తాను. మాకింకా పిల్లల్లేరు కదా. మీ బిడ్డకు ఏడాది నిండగానే తెచ్చుకోండి" అని తొమ్మిది గోనెసంచుల్లో నింపి తనే మోసుకెళ్లాడు. ఎంత మంచివాడో చూశారా? నడుం పట్టేసి మూడు రోజులు మంచం దిగలేదట. ఆ వార్త విని నాకు కాస్త అన్నం సయించింది.

ఇక మా ఇంటి నాగరికత మొదలైంది. పోయిన కప్పల స్థానంలో చైల్డ్ లాకులు వచ్చాయి. తెల్లటి ప్లాస్టిక్‌వి, చొక్కా గుండీకి అన్నదమ్ముల్లా ఉంటాయి. సొరుగులకు, బీరువాకు, ఫ్రిజ్‌కు, మొత్తం ఇరవై మూడు బిగించాడు మా బావమరిది. ఆఖరికి కమోడ్ మూతకు కూడా!

నా వృత్తిలో దొంగతనాలు జరిగిన చోట్లన్నీ చూశాను. కమోడ్‌లోంచి ఫలానాది పోయిందని ఇంతవరకు ఎవరూ నా దగ్గరికి వచ్చి ఏడవలేదు.

సరే, ఇక్కడ మీతో ఒక నిజం చెప్పాలి. తలుపు గడియ వేసుకుని చదవండి. ఆ చైల్డ్ లాక్ నాకు రాదు.

రాదంటే రాదు! దానికి చెవి లేదు, కన్నం లేదు, లోపల మీట లేదు. మాట్లాడదామంటే ముఖమే లేదు. ఉక్కుతో అయితే నాకు ముప్పై అయిదేళ్ల పరిచయం. ఈ గుండీ ముక్కతో నేనేం మాట్లాడను?

కానీ దీని వల్ల కలిగిన మేలు చూడండి! ఫ్రిజ్ తెరవలేక నెలకు మూడు కిలోలు తగ్గాను, అంటే ఒక జైలు తాళం. బీరువా తెరవలేక ఒకే చొక్కాతో వారం గడిపి నిరాడంబరుణ్ని అయ్యాను. ఇక ఆ కమోడ్ మూత నాకు నేర్పిన ఓర్పు ఏ స్వాములవారూ నేర్పలేరు. తాళాలు పోయాక తాళుకోవడమే కదా మిగిలేది!

తొమ్మిదో నెల నిండింది. ఒక మధ్యాహ్నం దుకాణంలో ఉండగా మా అత్తగారి ఫోను. ఆటో ఎక్కి ఇంటికి పరుగెత్తాను. ఆటోను గుమ్మంలోనే ఆపి లోపలికి వెళ్తే, నొప్పులతో మా ఆవిడ కుర్చీ పట్టుకుని నిలబడింది.

"బ్యాగు! బీరువాలో ఆసుపత్రి బ్యాగు!"

బీరువాకు చైల్డ్ లాక్.

నొక్కాను. లాగాను. ఎత్తాను. స్క్రూడ్రైవర్ పెట్టాను. బతిమాలాను. చివరికి పంటితో పట్టుకున్నాను. మా అత్తగారు తోడొచ్చి ఇంకో పక్క గోళ్లతో పట్టుకుంది. ఆటో డ్రైవరు హారను కొట్టీ కొట్టీ విసుగెత్తి లోపలికి వచ్చి, గుమ్మంలో నిలబడి చూస్తున్నాడు.

మా ఆవిడ ఒక చేత్తో నడుం పట్టుకుని, పళ్లు బిగబట్టి, నాలుగడుగులు నడిచి వచ్చి రెండు వేళ్లతో టక్కున తీసింది.

"నొక్కి, ఎత్తి, లాగాలి! ఎన్నిసార్లు చెప్పాలండీ మీకు!"

దారిలో ఆటో డ్రైవరు మర్యాదకు అడిగాడు. "ఏం పని చేస్తుంటారు సార్?"

"తాళాలు తీస్తుంటాను."

అతను అద్దంలో నా పళ్ల వంక ఒకసారి చూసి, ఆటో వేగం పెంచాడు.

ఆ సాయంత్రం నర్సమ్మ బిడ్డను తెచ్చి నా రెండు చేతుల్లో పెట్టింది. ఆడపిల్ల. ఆ బరువు చేతులకు తెలియగానే కళ్లలో నీళ్లు తిరిగాయి. "అచ్చంగా మా జైలు తాళమంత ఉంది!" అన్నాను. మనసులోంచి వచ్చిన మాట అది. మా అత్తగారు పదిహేను రోజులు నాతో మాట్లాడలేదు.

ఇప్పుడు మా అమ్మాయికి పద్నాలుగు నెలలు. పోయిన నెలలో ఒకరోజు నేను ఫ్రిజ్ ముందు కూర్చుని నొక్కుతున్నాను, ఎత్తుతున్నాను. అది పాక్కుంటూ వచ్చింది. ఎడమ చేతిలో చప్పరించిన బిస్కెట్టు ఉంది. కుడి చేత్తో నొక్కింది, ఎత్తింది, లాగింది. తలుపు తెరుచుకుంది. నా వంక జాలిగా చూసి, మళ్లీ మూసేసి వెళ్లిపోయింది.

పిల్లల తాళమని దానికి పేరు ఎందుకు పెట్టారో ఆ రోజు అర్థమైంది. అది పిల్లలు తీసే తాళం!

ఏడాది నిండింది కదా, మాట ప్రకారం నా కప్పలు నేను తెచ్చుకుందామని, ఖాళీ సంచులు చంకన పెట్టుకుని, మా అమ్మాయిని ఎత్తుకుని బావమరిది ఇంటికి వెళ్లాను.

హాల్లో ఈ గోడ నుంచి ఆ గోడ దాకా అద్దాల షోకేస్. లోపల లైట్లు. రెండు వందల పన్నెండూ మెరుస్తూ వరసగా ఉన్నాయి. గోదాము నుంచి వచ్చిన నలుగురు స్నేహితులు టీ తాగుతూ నోరు తెరుచుకుని చూస్తున్నారు. మా బావమరిది రెండు చెవుల తాళం వైపు వేలు చూపించి చెబుతున్నాడు.

"దీనికోసం స్కూటర్ అమ్మేశానండీ! మా ఆవిడ తిట్టింది. ఏం చేస్తాం, పిచ్చి!"

అయ్యా, తాళాలు తీసుకున్నాడు, సరే. నా స్కూటర్ కూడా అమ్మేశాడండీ! పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచీ ఆఫీసు బస్సు తప్ప ఏదీ ఎక్కనివాడు!

స్నేహితులు వెళ్లాక సంచులు చూపించాను.

"ఇప్పుడే ఏం తీసుకెళ్తారు బావా? పాప పరుగెత్తే వయసొస్తోంది. అసలు డేంజర్ ఇప్పుడే. అయిదేళ్లు నిండనీయండి. సేఫ్టీ అంటే జీరో" అన్నాడు, షోకేస్ అద్దం మీద వేలిముద్రను చొక్కా అంచుతో తుడుస్తూ.

ఖాళీ సంచులతో తిరిగొచ్చాను. ఎవరి మీదా కోపం లేదు. బిడ్డ కోసం హాబీ వదులుకోవడం ఎంత గొప్పదో మొదటే చెప్పాను కదా.

ఆ గొప్పతనం నాతోనే ఆగిపోకూడదని దేవుడికీ అనిపించినట్టుంది. నిన్న మా ఆవిడకు ఫోను వచ్చింది. మా బావమరిది భార్యకు మూడో నెలట!

ఆ వార్త విని నా అంత సంతోషించినవాడు రెండు వంశాల్లోనూ లేడు. చొక్కా వేసుకుని బజారుకు పరుగెత్తి, ఒక జత మోకాళ్ల ప్యాడ్లు, ఒక టేపు కొన్నాను.

చెల్లెమ్మా, నువ్వు ఈ పేపరు చదువుతావని నాకు తెలుసు. ఈ వ్యాసం కత్తిరించి మీ ఫ్రిజ్‌కు అంటించు. కంగారు పడకు, ఆదివారం పొద్దున్నే వచ్చి మీ ఇల్లంతా పాకుతాను. మీ వీధి గుమ్మం నుంచే మొదలుపెడతాను. తుప్పు, అంచులు, బరువు, ఏదీ వదలను. బిడ్డ కళ్లతో చూడాలి తల్లీ. సేఫ్టీ అంటే జీరో.

మీ ఆయన ఆ షోకేస్‌కు చైల్డ్ లాక్ బిగించి, అది నేను తీయలేనని ధైర్యంగా నవ్వుకుంటున్నాడని కూడా తెలుసు. ఆ ధైర్యం ఆదివారం దాకా ఉండనీ.

నేను ఒక్కణ్నే రావడం లేదు. మా అమ్మాయిని వెంట తెస్తున్నాను. ఎడమ చేతికి ఒక బిస్కెట్టు ఇవ్వు చాలు.