నూకరాజుని కొంచెం కొంచెంగా పంపించడం

సత్యవేణి బెంగలన్నీ ఆవిడ బదులు పడడానికి నిమ్మళ శాఖవారు పంపిన నూకరాజు, రెండు వారాల డ్యూటీ మీద వచ్చి, పదకొండేళ్ళయినా హాల్లో ప్లాస్టిక్ కుర్చీలోనే కూర్చుని ఉన్నాడు. కాకినాడలో ఇదేం వింత కాదు. ఆ వీధిలో చాలా ఇళ్ళలో ఇలాంటివాడు ఒక్కొక్కడున్నాడు, మేడల్లో ఇద్దరేసి ఉన్నారు.

అతను వచ్చినప్పుడు అవసరముంది, కాదనకూడదు. భర్త ధర్మారావు పనిచేసే ఫ్యాక్టరీ మూతపడి, ఆవిడకి కంటి మీద కునుకు లేని రోజులవి. నూకరాజు కుర్చీ వేసుకున్నాకే ఆవిడ పడుకుంది. తరవాత ధర్మారావుకి వేరే ఉద్యోగం దొరికింది. అప్పుడు నూకరాజుని వెనక్కి పిలవాలి. పిలవాల్సిన పని ఎవరిదో శాఖలో తేలలేదు. నెలనెలా శాఖ డాక్టరుగారు తల ఎత్తకుండా "బానే చూసుకుంటున్నాడా?" అనేవారు, ఆవిడ "ఆ" అనేది, ఆయన పొడిగింపు మీద సంతకం గీకేవారు. కొన్నేళ్ళకి ఒక్కడు చాలడం లేదంటే, శాఖవారు అభ్యంతరం చెప్పకుండా ఇంకో సగం నూకరాజుని కూడా వేశారు. ఆ సగం పక్కనే స్టూలు మీద కూర్చునేది.

అతని పని తేలిక. ఇంట్లోకి ఏ కబురొచ్చినా అందులోని భయాన్ని గుమ్మం దగ్గరే అందుకుని, తన గోనెసంచిలో వేసుకుంటాడు. మిగిలిన మాటలు మాత్రం సత్యవేణికి చేరతాయి. గ్యాస్ వాసన వస్తే వాసన మాత్రమే వచ్చేది. కొడుకు బండి మీంచి పడ్డాడంటే పడ్డాడని మాత్రమే తెలిసేది.

అయిదేళ్ళ కిందట ఒక మధ్యాహ్నం యానాం నుంచి తమ్ముడు బుల్లియ్య ఫోన్ చేశాడు.

"అక్కా, గుండెల్లో ఏదోలా ఉందే. భయంగా ఉంది. ఒక్కసారి రావే."

నూకరాజు చెయ్యి చాచి అందులో తీసుకోవాల్సింది తీసుకున్నాడు. సత్యవేణి "కాసేపు పడుకోరా, తగ్గిపోద్దిలే" అని చెప్పి, ఫోన్ పెట్టేసి, బెండకాయలు తరగడం పూర్తి చేసింది. యానాం బస్సు గంట లోపే చేరుస్తుంది. దీపాలు పెట్టే వేళకి బుల్లియ్య పోయాడు. దినకార్యాల్లో ఆవిడ కన్ను చెమర్చకుండా అందరికీ వడ్డించింది. చుట్టాలంతా ఎంత గుండె నిబ్బరమో అని మెచ్చుకున్నారు. పాపం, ఆవిడా నిజమే అనుకుంది.

మొన్న బుల్లియ్య ఆబ్దికంలో అతని భార్య లక్ష్మీకాంతం విస్తళ్ళు తీస్తూ అడిగింది. కోపంగా కాదు, తెలుసుకుందామని.

"ఆ రోజు నీకు ఫోన్ చేశారు కదా వదినా. నీకు భయం వెయ్యలేదా?"

సత్యవేణి తన లోపలంతా వెతుక్కుంది. దొరకలేదు. "వెయ్యలేదే" అంది. ఆ మాట తన నోటినుంచే విన్నాక ఆవిడకి అన్నం సహించలేదు. ఇంటికొచ్చి నూకరాజుని వెళ్ళిపొమ్మంది. అతను చెప్పులు వేసుకుని, సగాన్ని చంకనెత్తుకుని, సంచి భుజాన వేసుకుని వెళ్ళిపోయాడు.

మర్నాటికి కుళాయి చుక్క పడితే పిడుగు పడ్డట్టుంది. చేతులు వణికి గ్లాసు నిలవలేదు. మూడోనాడు వంటింట్లో ఫిట్స్ వచ్చి పడిపోతే ఆసుపత్రిలో చేర్చారు. ఆసుపత్రివాళ్ళే ఆటో పంపించి నూకరాజుని సంచితో సహా వెనక్కి తెప్పించారు. అక్కడి డాక్టర్ షమీమ్ మాత్రం తల ఎత్తి చూసే మనిషి.

"ఇన్నేళ్ళు ఉన్నోణ్ణి ఒక్క పూటలో పంపేస్తారాండీ? ప్రాణం మీదకొచ్చేది. ఉన్నదాంట్లో కొంచెం తగ్గిద్దాం. మీరు సర్దుకున్నాక ఇంకొంచెం. కష్టమైతే అక్కడే ఆగుదాం. నన్నడక్కుండా మాత్రం ఏమీ చెయ్యకండి."

"ఎన్నాళ్ళు పడుద్దండీ?"

"ఎన్నాళ్ళు పడితే అన్నాళ్ళు. ఎవరూ తరమట్లేదు కదా."

ముందు స్టూలు మీద సగం కొంచెం కొంచెంగా వెళ్ళింది. తరవాత నూకరాజు పాదాలు, చాలా వారాలకి మోకాళ్ళు. శాఖ నిబంధన ప్రకారం, వెళ్ళే ఉద్యోగి చార్జి అప్పగించి వెళ్ళాలి. కాబట్టి అతను తగ్గినకొద్దీ సంచిలోవి సత్యవేణికి తిరిగి వచ్చేవి. పాత గ్యాస్ వాసన భయం ఒక పొద్దున్న వస్తే, ఆవిడ సిలిండర్ పక్కనే కూర్చుండిపోయింది. కొడుకు బండి మీంచి పడ్డ భయం వచ్చిన రోజు, ఎప్పుడో మానిపోయిన వాడి మోచెయ్యి పట్టుకుని వదల్లేదు. నడుము వెళ్ళిన నెలలో వణుకు మళ్ళీ మొదలైతే, షమీమ్ చెప్పినట్టు ఛాతీ దగ్గర ఆపి, రెండు నెలలు అలాగే ఉంచారు. నూకరాజుకి బాధేం లేదు. "సర్వీసన్నాక అందరికీ ఇంతేనండి" అనేవాడు, నోరు ఉన్నంతకాలం.

బాధ ధర్మారావుకి. ఎన్నో ఏళ్ళుగా ఆయన ఏ వేళకొచ్చినా అడిగినవాళ్ళు లేరు. ఇప్పుడు ఆవిడ గుమ్మంలో నిలబడుతోంది. తండ్రీకొడుకులు కలిసి, ఇంటిల్లిపాదికీ అలవాటైన మనిషిని తీసేయొద్దని శాఖకి అర్జీ పెట్టుకున్నారు. అది ఆమె సొంత విషయమనీ, అర్జీదారులకి కావాలంటే వేరుగా ఒక్కొక్కణ్ణి ఇస్తామనీ శాఖ మర్యాదగా జవాబిచ్చింది.

"కనీసం ఓ పావు వంతైనా ఉంచవే. ఇల్లెంత ప్రశాంతంగా ఉండేది" అన్నాడు ధర్మారావు.

"ఉండేదండి. అందులో నేను లేను."

ఏడాది గడిచి చివరికి వచ్చేసరికి తగ్గింపులు మరీ చిన్నవయ్యాయి. ఒకసారి ఒక చెవి, ఒకసారి ఒక వేలు. ఆఖరుకి కుర్చీలో కుడి అరచెయ్యి, కింద సంచి మిగిలాయి. సంచి అడుగున ఏముందో సత్యవేణికి తెలుసు. దానికోసమే ఇంత పడింది. ఇప్పుడు ఆ కుర్చీ పక్కనుంచి వెళ్ళాల్సొస్తే మొహం తిప్పుకుని వెళ్తోంది.

ఒక మధ్యాహ్నం ఆవిడ బెండకాయలు తరుగుతుండగా, అరచెయ్యి సంచిలోకి దిగి, అడుగున ఉన్నది తీసి ఆవిడ ఒళ్ళో పెట్టి, ఇక కనిపించలేదు. తమ్ముడి భయం ఆరేళ్ళయినా చల్లారలేదు. ఒక్కసారి రావే అన్న మాట ఇప్పుడు మొత్తంగా వినిపించింది, అందులో వాడి ఊపిరి అందకపోవడంతో సహా. సత్యవేణి వెక్కి వెక్కి ఏడ్చింది. "వచ్చేస్తన్నానురా" అని కత్తిపీట పక్కకి నెట్టి, చెప్పులేసుకుంది.

"ఎక్కడికే ఈ ఎండలో?" అన్నాడు ధర్మారావు.

"యానాం. బుల్లియ్యకి బాగోలేదు."

ఆవిడ సందు మలుపు తిరిగేదాకా ధర్మారావు చూశాడు. లోపలికొచ్చి, ఖాళీ కుర్చీ ముందు కాసేపు నిలబడి, శాఖకి ఫోన్ చేశాడు. రెండు వారాలకి చాలన్నాడు.

బస్సెక్కాక కండక్టరు అడిగాడు. "ఎక్కడికమ్మా?"

"యానాం."

"మామూలుగానా, ఆలస్యంగానా?"

"ఆరేళ్ళు ఆలస్యమండి."

అతను టికెట్టు చింపి ఇచ్చాడు. "కొంచెం వెనక్కి జరగండమ్మా, ఇంకా ఎక్కేవాళ్ళున్నారు."

పక్కన ఒకావిడ చీర చెంగుతో ముక్కు తుడుచుకుంటోంది. "మా అమ్మాయండి. హాస్టల్లోంచి ఫోన్ చేసింది" అంది. "మీకు?"

"తమ్ముడు."

ఆవిడ తలూపి కాస్త చోటిచ్చింది. ఖాళీ సీటు ఒక్కటీ లేదు. సత్యవేణి యానాం దాకా నిలబడే వెళ్ళింది.