నిన్నటి కూరకే మొదటి మర్యాద

తమ ఇంట్లో ఆహార వృథా అనేది పూర్తిగా అంతరించిపోయిందని ఇంటాయన అపార్ట్‌మెంటు సర్వసభ్య సమావేశంలో ప్రకటించారు. "క్రమశిక్షణ ముందు వంటింట్లో మొదలవ్వాలి. మా ఇంట్లో ఏ కూరా వరస తప్పదు" అన్నారు. చప్పట్లు మోగాయి. అందరికంటే గట్టిగా కొట్టింది ఆయన ఇల్లాలు. భర్త ఉపన్యసిస్తుంటే చేతులు ముడుచుకుని కూర్చోవడం బాగుండదు కదా.

ఇంటాయన ఒక మందుల గోడౌన్‌లో స్టోర్ కీపరు. ముందొచ్చిన సరుకు ముందు పోవాలన్నది ఆయన వృత్తిధర్మం. దాన్నే ఫ్రిజ్‌కూ వర్తింపజేశారు. అంతకుముందు ఆ కుటుంబం వండింది వండినట్టు తినేసే అనాగరిక దశలో ఉండేది. ఒకసారి చుట్టాలొస్తారని చిక్కుడుకాయ కూర కాస్త ఎక్కువ వండారు. చుట్టాలు రాలేదు. మర్నాడు ఇల్లాలు వేడివేడి వంకాయ కూర పొయ్యి మీంచి దించేసరికి ఇంటాయన చెయ్యి అడ్డం పెట్టారు. ముందు చిక్కుడుకాయ పోవాలి. వంకాయ ఫ్రిజ్‌లోకి వెళ్లింది. ఆ మర్నాడు వంకాయ తిని, బీరకాయను లోపల పెట్టారు.

అప్పటినుంచి ఆ కుటుంబం లోకం కంటే ఒకరోజు వెనక బతుకుతోంది. పొద్దున్నే తాజాగా వండడం, చల్లార్చి మూతపెట్టి లోపల పెట్టడం, నిన్నటిది తీసి తినడం. తాజా కూరగాయలకు ఆ ఇంట్లో ఏ లోటూ లేదు. వాటిని తాజాగా తినడం ఒక్కటే లేదు.

పళ్లకూ ఇదే న్యాయం. మచ్చపడ్డ పండు ముందు తినాలి. అది పూర్తయ్యేలోపు పక్క పండుకు మచ్చ పడుతుంది. ఏడాది పొడుగునా మంచి పళ్లే కొన్నారు, ఒక్క మంచి పండూ నోట పెట్టలేదు. బడిలో ఆపిల్ బొమ్మ గీయమంటే వాళ్లమ్మాయి దానికో గోధుమరంగు మచ్చ కూడా శ్రద్ధగా దిద్దింది. పిల్లకు పరిశీలన ఎక్కువని టీచరమ్మ మెచ్చుకుంది.

ఇల్లాలికి ఉన్నది ఒక్కటే కోరిక. తను వండిన కూర, వండిన పూటే, పొగలు కక్కుతుండగా అన్నంలో కలుపుకుని తినాలి. ఆ ఇంటి పరిస్థితుల్లో అది గొంతెమ్మ కోరికే. అయినా ఒకనాడు ధైర్యం చేసి అడిగింది.

"ఏవండీ, రేపొక్కరోజు వండను. ఉన్నది తినేద్దాం. ఎల్లుండినుంచి ఏ రోజుది ఆ రోజు తినొచ్చు."

ఆయన జాలిగా చూశారు. "స్టాకు సున్నాకి రాకూడదే. అత్యవసరమొస్తే?"

"వస్తే వండుకుంటాం."

"అదే ప్రమాదమంటున్నా."

ఒక పూట పొయ్యి వెలగకపోతే నలుగురూ ఏమనుకుంటారని అత్తగారు కూడా అడ్డుపడింది. దాంతో వంట యథాతథంగా కొనసాగింది. రోజూ కాస్త మిగులుతూ ఫ్రిజ్‌లో గిన్నెల వరస కూడా పెరిగింది.

ఆ వారమే అత్తగారి కడుపు పాడైంది. నిన్న ఏం తిన్నారని డాక్టరు అడిగితే, తిన్నది మొన్నటిదా, అటుమొన్నటిదా అన్న విషయంలో కుటుంబంలో తీవ్రమైన అభిప్రాయభేదాలు వచ్చాయి. బయటి తిండి మానెయ్యమని డాక్టరు చెప్పి పంపించాడు. వాళ్లు బయటి తిండి ఏనాడూ తిన్నది లేదు గనక, ఆ సలహాను ముందునుంచీ అక్షరాలా పాటిస్తున్నట్టు తేలింది.

ఇల్లాలు ఇక చట్టంలో సందు వెతికింది. ఉప్పు చూడడం తినడం కిందికి రాదు. మొదట అరచేతిలో కాస్త వేసుకుని చూసింది. అన్నంతో కలిస్తే గాని ఉప్పు సరిగ్గా తెలియదని ముద్ద కలిపి చూసింది. ముద్ద పెట్టుకోవడానికి పళ్లెం వచ్చింది. వాసన పట్టి అమ్మాయి వచ్చి తనూ ఉప్పు చూస్తానంది. తన వయసులో ఉప్పు దగ్గర మరీ జాగ్రత్తగా ఉండాలని అత్తగారు స్టూలు లాక్కుని కూర్చుంది.

ఒకరోజు తాళాలు మర్చిపోయి వెనక్కొచ్చిన ఇంటాయనకు, పొయ్యి చుట్టూ మూడు తరాలవాళ్లు పళ్లేలతో దొరికిపోయారు. ఇల్లాలు ఒక పళ్లెంలో వేడన్నం, కూర పెట్టి చేతికిచ్చింది.

"మీరూ చూడండి, ఉప్పు సరిపోయిందో లేదో."

ఆయన గంభీరంగా చూశారు. తేల్చలేకపోయారు. ఇంకాస్త పెట్టించుకుని మళ్లీ చూశారు. నిర్ణయం వెలువడేసరికి బాండీ అడుగు కనిపించింది.

రాత్రి ఎవరికీ ఆకలి లేదు. ఇల్లాలు ఫ్రిజ్‌లోని గిన్నెలన్నీ తీసి, వాసన చూసి, పనికిరానివి పారబోసి, మిగిలిన నిన్నటి కూర మాత్రం బాగా కాచి ఇంటాయన ముందు పెట్టింది.

"అందరం తలా కాస్త పంచుకుందాం" అన్నారాయన.

"గోడౌన్‌లో పాత సరుకు పూచీ ఎవరిదండీ?"

"స్టోర్ కీపరుదే" అనేశారు, అలవాటు చొప్పున.

"తినరా నాయనా, వృథా కాకూడదు" అంది తల్లి. ఇంటాయన ఒక్కరే కూర్చుని ఆ గిన్నె ఖాళీ చేశారు. నిన్నటి కూర రుచి ఎలా ఉంటుందో మొదటిసారి శ్రద్ధగా గమనించారు. మర్నాడు కూర తినేంతే వండాలని, దించిన వెంటనే వడ్డించాలని ఆదేశించారు. ఈ సంస్కరణ తనదేనని ఆయన నమ్మకం. నోటినిండా వేడి ముద్ద ఉండడం వల్ల ఇల్లాలు అభ్యంతరం చెప్పలేదు.

మా ఇంట్లో ఇలాంటి పిచ్చి పద్ధతులు లేవని నవ్వుకుంటున్న పాఠకులకు అభినందనలు. మీ ఇంట్లో మిగిలిన కూర రోజూ ఎలా మాయమవుతోందో తెలుసుకోవాలనుంటే మీ ఆవిణ్నో, అమ్మనో అడగండి. కాకపోతే కాసేపు ఆగాలి. ఆవిడింకా భోజనానికి కూర్చోలేదు.