భీవండికి టమాట తొక్కు

ఆ రోజు శంకరవ్వ చేయవలసిన పనులు మూడే. టమాట ఒరుగులు మధ్యాహ్నం లోపల గలగలమనేదాకా ఎండాలి. వాటిని రోట్లో వేసి తొక్కు నూరాలి. నాలుగు గంటల నిజామాబాద్ బస్సు వచ్చేలోపల ఆ తొక్కును డబ్బాకెత్తి పక్కింటి అంబదాస్ చేతిలో పెట్టాలి. అంబదాస్ రైలెక్కి భీవండి పోతాడు. అక్కడ సాంచాల మీద, అంటే మరమగ్గాల మీద, బట్ట నేసే ఆమె పెనిమిటి బాలమల్లు డబ్బా మూత తీస్తాడు. తీసినప్పుడు గదిలో ఉన్న పదకొండు మందికీ వాసన తగలాలి. అసలు పని అది.

ఎందుకంటే, మెట్‌పల్లికి దగ్గరలో ఉన్న ఆ ఊరి సాలెవాడలో ఉత్తరం చదవగలిగిన ఆడమనిషి శంకరవ్వ ఒక్కతే. వయోజనుల బడిలో పట్టుబట్టి నేర్చుకుంది. వాడకట్టుకు వచ్చే ప్రతి ఉత్తరం ఆమె నోటి మీదుగానే పోతుంది. పోయిన నెలలో అంబదాస్ తన భార్య అనసూర్యకు రాసిన ఉత్తరంలో, "నువ్వు పంపిన మామిడి తొక్కును గదిల అందరు మెచ్చుకుంటున్నరు. బాలమల్లన్న అయితే గిన్నె నాకిండు" అని ఉంది. శంకరవ్వ చదివింది. "ఇంకోసారి చదువక్కా, సరిగ్గ ఇనరాలే" అంది అనసూర్య. ఇంకోసారి చదివింది. మూడోసారి అడిగేసరికి, పొయ్యి మీద పాలు పొంగుతున్నాయని లేచి పోయింది. ఆ పూట ఆమె ఇంట్లో పాలూ లేవు, పొయ్యీ ముట్టించలేదు.

అప్పటి నుంచి ఆ నాకిన గిన్నె ఆమె కళ్ల ముందు నుంచి పోలేదు. అంబదాస్ సెలవు మీద వచ్చాడని తెలియగానే మెట్‌పల్లి అంగడికి పోయి రెండు గంపల టమాటలు తెచ్చింది. చక్రాలుగా కోసి, ఉప్పు చల్లి, మూడు రోజులు పెరట్లో ఎండబెట్టింది. మూడో రోజు కోళ్లు వచ్చి మంచి మంచి ముక్కలు ఏరుకుని తిన్నాయి. అందుకని నాలుగో రోజు మంచాన్ని వాకిట్లోకి మార్చింది. వాకిట్లో కోళ్లు లేవు. ఈగలు, చీమలు, మేకలు ఉన్నాయి.

"ఈగలు ఆగుతలేవత్తా, ఏం చేద్దాం?" అని అత్త బుచ్చవ్వను అడిగింది.

"మంచం చుట్టు వేపరొట్ట కట్టు. మంచం కోళ్లకాడ పసుపు పొయ్యి, చీమలెక్కయి. గింత తెల్వదానె నీకు? మళ్ల ఉత్తరాలు చదువుతదట!" అంది బుచ్చవ్వ. ఆ పూట ఆమె మాట్లాడిన చివరి మాట అదే. రెండు రోజులుగా పన్ను నొప్పి. ముఖానికి పసుపు ముద్ద పట్టించుకుని, దవడలో లవంగం పెట్టుకుని, నోరు తెరిస్తే గాలి తగిలి పన్ను జివ్వుమంటుందని గడప పక్కన మూగగా కూర్చుంది.

శంకరవ్వ మంచం నాలుగు కోళ్లకూ వేపమండలు కట్టింది, కింద పసుపు పోసింది. మేకలు రాకుండా గుమ్మం నుంచి మంచం దాకా తాడు కట్టి, దానికీ గుత్తులు గుత్తులుగా వేప చెక్కింది. చూసుకుని తృప్తిపడి లోపలికి పోయింది.

గడప మీద వేప, కింద పసుపు కనిపిస్తే ఆ ఊళ్లో చిన్నపిల్లకు కూడా తెలిసిన అర్థం ఒక్కటే. ఆ ఇంట్లో అమ్మవారు పోసింది. ఇక ఆ గడప ఎవరూ తొక్కరు. ఆ ఇంటి వస్తువు ఎవరూ ముట్టరు. అమ్మ పోసిన ఇంట్లో తాలింపు వేయరు, మిరపకాయ వేయించరు. ఘాటు తగిలితే అమ్మకు కోపం వస్తుంది. ఇవన్నీ శంకరవ్వకు తెలియవా అంటే, అందరికన్నా బాగా తెలుసు. కాని ఆమె ఇంటి లోపలి నుంచి చూస్తున్నది. లోపలి నుంచి చూస్తే కనిపించేవి టమాటలే.

బయటి నుంచి మొదట చూసింది అనసూర్య. తొక్కు సంగతి కనుక్కుపోదామని చేతులూపుకుంటూ వచ్చి, ఇరవై అడుగుల దూరంలో కొయ్యబారి నిలబడింది.

"అత్తా! ఏమైందే?"

టమాటల సంగతి అడుగుతున్నదనుకుని బుచ్చవ్వ పసుపు ముఖం తిప్పి, బొటనవేలితో ఇంట్లోకి చూపించింది. కోడలినే అడుగు అని. సరిగ్గా అప్పుడే శంకరవ్వ బయటికి వచ్చింది. ఇంకా పచ్చిగా ఉన్న నాలుగు ముక్కలను పిండుతుంటే రసం ఎగిరి నుదుటి మీద, చెంపల మీద, మెడ మీద చుక్కలు చుక్కలుగా పడింది. మిరపకాయలు తొడిమెలు తీసిన చేత్తో తుడుచుకుంది కనుక కళ్లు కూడా ఎర్రబడ్డాయి.

"రాయె అనసూర్యా! దగ్గరికొచ్చి చెయ్యి పెట్టి చూడు, ఎంత మంచిగొచ్చినయో!"

"నేను రానక్కా! నీ కాళ్లకు దండం పెడ్త!" అని అనసూర్య నిజంగానే నేల మీద తల ఆనించి, లేచి, చెప్పు ఒకటి అక్కడే వదిలి ఉరికింది.

"చూసినవా అత్తా, కడుపుమంట! టమాటలు చూసేసరికి మొఖం మాడిపోయింది" అంది శంకరవ్వ. బుచ్చవ్వ లవంగాన్ని ఇంకో దవడలోకి మార్చింది.

గడియ గడవకముందే వాడకట్టు ఆడవాళ్లు ఒక్కరొక్కరే రావడం మొదలుపెట్టారు. ఒకామె పెరుగన్నం గిన్నె తెచ్చి తాడుకు అవతల పెట్టి దండం పెట్టి పోయింది. ఇంకొకామె అందులో ఉల్లిగడ్డ పెట్టింది. మరొకామె చెంబెడు బెల్లం పానకం తెచ్చింది. అమ్మకు చలువ చేయాలని వాళ్ల ఆరాటం. శంకరవ్వకు మాత్రం సంగతి ఇంకో విధంగా అర్థమైంది. అంబదాస్ పోతున్నాడని తెలిసి వీళ్లు కూడా భీవండిలో ఉన్న తమ మగవాళ్లకు తిండి పంపుతున్నారు. తన డబ్బాతో పాటు పోతుందని ఇక్కడ పెడుతున్నారు.

"ఓ పిల్లా! పెరుగన్నం మూడు దినాలు ఆగదే! పులిసి పొంగుతది! నా లెక్క ఎండబెట్టాలె, దినమంత ఎండల పెట్టాలె!" అని కేక వేసింది.

తాడుకు అవతల ఉన్నామె చేతులు జోడించింది. "అట్లనే తల్లీ. నువ్వు ఎట్ల చెప్తె అట్లనే. పిల్లలను ఎండల నిలబెడ్త."

"పిల్లలెందుకే?" అంది శంకరవ్వ. అప్పటికే ఆమె వెళ్లిపోయింది.

ఆ రోజు ఊళ్లోకి అమ్మవారి టీకాలు వేసే సారు దేవదాస్ వచ్చి ఉన్నాడు. మూడేండ్ల నుంచి వస్తున్నాడు. ఆయన సైకిలు కల్వర్టు దాటిందంటే వాడకట్టు మొత్తం జొన్నచేనులో దాక్కునేది. మూడేండ్లలో ఆయన వేసిన టీకాలు పద్నాలుగు. అందులో రెండు దారిన పోతూ దొరికిపోయిన పక్క ఊరివాళ్లకు. బడి అరుగు మీద కూర్చుని ఈగలు తోలుకుంటున్న ఆయనకు అనసూర్య ఒంటి చెప్పుతో పరుగెత్తుతూ కనిపించింది. అలవాటు కొద్దీ, తనను చూసి పారిపోతున్నదనుకున్నాడు. ఆమె తన వైపే వస్తున్నదని తెలిశాక లేచి నిలబడ్డాడు.

సారు వచ్చి తాడు దాటి, శంకరవ్వ ముఖం చూసి, "మొఖం కడుక్కో తల్లీ" అన్నాడు. ఎందుకో తెలియక కడుక్కుంది. చుక్కలన్నీ నీళ్లతో పోయాయి. సారు మంచం దగ్గరికి నడిచి, ఒక ఒరుగు తీసి వాసన చూసి, నోట్లో వేసుకున్నాడు.

"టమాటనా?"

"టమాటనే సారు. మరేమనుకున్నవ్?"

ఆయన ఏమనుకున్నాడో, ఊరంతా ఏమనుకున్నదో మెల్లగా చెప్పాడు. శంకరవ్వ వేపను చూసింది, పసుపును చూసింది, అత్త ముఖం చూసింది, పెరుగన్నం గిన్నెల వరుస చూసింది. కూలబడిపోయింది.

"అయ్యో! మరి అంబదాస్ నా డబ్బా ముట్టడు!"

ఊరికంతా వినబడేట్టు అరుద్దామని లేచింది. సారు ఆమెకు అడ్డం వచ్చాడు. ఆయన చూపు తాడుకు అవతల ఉంది. అక్కడ వాడకట్టు మొత్తం, ముసలివాళ్లు, మగవాళ్లు, చంకల్లో పిల్లలతో ఆడవాళ్లు, ఎండలో వరుసగా నిలబడి భుజాల దాకా బట్ట మడుచుకుంటున్నారు. సారు కళ్లలో నీళ్లు తిరిగాయి.

"తల్లీ, ఒక్క గంట నోరు తెరువకు. మూడేండ్లసంది నన్ను చూసి కుక్కలు గూడ పారిపోతున్నయి."

"నా తొక్కు?"

"ఆఖరి చెయ్యి అయినంక నేనే చెప్త. మూడున్నరకు అయిపోతది. ఒట్టు."

శంకరవ్వ సరేనంది. లోపలికి పోయి ఒరుగులు రోట్లో వేసింది. వేయించిన పల్లీలు, ఎల్లిగడ్డ, ఉప్పు వేసి నూరుతూ, మధ్యమధ్య వాకిట్లోకి తొంగిచూసింది. వరుస తగ్గడం లేదు. సంగతి తెలిసి పక్క వాడకట్టు వాళ్లు కూడా వచ్చి కలిశారు. మూడు దాటింది. మూడున్నర అయింది. ఇంకా పది చేతులు ఉన్నాయి.

అంబదాస్ టీకా వేయించుకుని, ట్రంకుపెట్టె పక్కన పెట్టుకుని, దూరం నుంచే గొంతెత్తాడు. "వదినె! డబ్బా గిట్ల తేకు. నువ్వు ఫికర్ చెయ్యకు. నీ సంగతి బాలమల్లన్నకు నేనే మెల్లగ చెప్త. ఒక్కసారే చెప్పను, జరజర చెప్త!"

శంకరవ్వ నూరడం ఆపింది. ఇప్పటిదాకా పోతున్నది తొక్కు ఒక్కటే అనుకుంది. ఇప్పుడు డబ్బాకు బదులు ఆమెకు అమ్మవారు పోసిందన్న కబురు పోతుంది. బాలమల్లు సాంచ వదిలిపెట్టి ఏడ్చుకుంటూ వస్తాడు. వచ్చి చూస్తే టమాటలు!

అరుద్దామంటే నోరు తెరవనని సారుకు మాట ఇచ్చింది. శంకరవ్వ ఒక నిమిషం ఆలోచించింది. నోరు తెరవనని మాట ఇచ్చింది నిజమే. పొయ్యి మీద మూకుడు పెట్టనని మాట ఇవ్వలేదు.

మంచినూనె పోసింది. ఆవాలు, ఎండుమిరపకాయలు, ఎల్లిగడ్డ రెబ్బలు వేసింది. మూకుడు చుయ్యిమంది. ఆ ఘాటు కిటికీలోంచి బయటపడి, తాడు దాటి, వరుస పొడుగునా తుమ్ములు తెప్పించుకుంటూ పోయింది.

"అమ్మ ఉన్న ఇంట్ల తాలింపా!" అని ఎవరో అరిచారు. వాడకట్టు గొల్లుమంది. ఆ గోలకు వరుసలో నిలబడ్డ శివసత్తు ఐలవ్వకు పూనకం వచ్చింది. జుట్టు విరబోసుకుని ఊగుకుంటూ, తాడు తెంపుకుని నేరుగా వంటింట్లోకి దూసుకుపోయింది. ఐలవ్వకు పూనితే పలికేది అమ్మే కనుక, అందరూ చేతులు జోడించి గుమ్మం దాకా వచ్చి ఆగిపోయారు.

"ఏందే గిది? నేనొచ్చిన ఇంట్ల ఏందే గీ ఘాటు?"

శంకరవ్వ నోరు తెరవకుండా తొక్కు గిన్నె ముందుకు జరిపింది. ఐలవ్వ కోపంగా అందులో వేలు ముంచి నోట్లో పెట్టుకుంది. ఊగడం ఆగింది. వేలు మళ్లీ గిన్నెలోకి పోయింది.

"వేడన్నం తేయే" అంది అమ్మ.

శంకరవ్వ పరుగున తెచ్చింది. అమ్మ పళ్లెం ముందు కాళ్లు చాపుకుని కూర్చుని నాలుగు ముద్దలు తింది. అయిదో ముద్ద దగ్గర బుచ్చవ్వకు ఓపిక చచ్చిపోయింది. లేచి వచ్చి లవంగాన్ని తుపుక్కున ఉమ్మేసింది.

"ఓ ఐలీ! మా కొడుకు తొక్కంత తిన్నవ్ గదనే! వేప ఈగలకు. పసుపు చీమలకు. గీ మొఖం మీది పసుపు నా పన్ను నొప్పికి. ఇంట్ల ఎవ్వలకు అమ్మ పొయ్యలే!"

టీకాలు పడ్డవాళ్లు తమ చేతులు చూసుకున్నారు. తర్వాత శంకరవ్వను చూశారు. దేవదాస్ సారు ఆఖరి చేతిని గట్టిగా పట్టుకుని గబగబా కానిచ్చాడు. ముద్ద చేతిలో పట్టుకున్న ఐలవ్వ ఒక క్షణం అత్తను, ఒక క్షణం పళ్లేన్ని చూసి, ఒక్కసారిగా మళ్లీ ఊగింది.

"పొయ్యలేదా? పోద్దామనే వచ్చిన! వాడకట్టు మొత్తం పోద్దామని వచ్చిన! గీ బిడ్డ పెట్టిన తొక్కు తిన్న. కడుపు సల్లబడ్డది. పోతున్న!" అని ఆ అయిదో ముద్ద కూడా నోట్లో వేసుకుని శాంతించింది.

ఇక ఎవరూ శంకరవ్వను ఒక్క మాట అనలేదు. అనసూర్య రెండో చెప్పు కోసం వచ్చి, గిన్నెకు దండం పెట్టి పోయింది. దేవదాస్ సారు తన పుస్తకంలో ఆ రోజు పేరు పేరునా రెండు వందల పదకొండు రాసి, సైకిలు తొక్కకుండా నడిపించుకుంటూ పోయాడు; ఆ సంతోషంలో ఎక్కడమే మరిచిపోయినట్టుంది.

శంకరవ్వ మిగిలిన తొక్కును డబ్బాకెత్తేసరికి బస్సు హారన్ వేసింది. అంబదాస్ డబ్బా కోసం తనే వచ్చాడు. అయితే టీకా వేసిన చేత్తో ఎనిమిది రోజులు బరువు ఎత్తొద్దని సారు చెప్పాడు. ఇంకో చేతిలో ట్రంకుపెట్టె. చంకలో పట్టేది ఒక్క డబ్బాయే. అనసూర్య మామిడి తొక్కు జాడీ ఎత్తుకుని వెనక వెనక ఉరికొచ్చింది.

"గిది గూడ పట్టుకపో!"

"ఎట్లనే? అమ్మ ఎంగిలి చేసిన ప్రసాదం ఇడిసిపెట్టి నీ జాడి పట్టుకపొమ్మంటవా? కండ్లు పోతయి!" అన్నాడు అంబదాస్. బస్సు కదిలింది. అనసూర్య జాడీతో రోడ్డు మీద నిలబడిపోయింది. శంకరవ్వ ఆమెను చూడలేదు. చూడకుండా ఉండడానికి చాలా కష్టపడింది.

ఇరవై రోజులకు బాలమల్లు ఉత్తరం వచ్చింది.

"డబ్బ ముట్టింది. అమ్మ తిన్న తొక్కని అంబదాస్ చెప్పినకాన్నుంచి గదోళ్లు దాన్ని పటం ముందట పెట్టిండ్రు. పొద్దుగాల తానం చేసి, ఒక్కొక్కడు చిటికెడు తీసి కండ్లకద్దుకొని తింటుండ్రు. అన్నంల కలుపుకుంటనంటే పది మంది నా మీదికి లేసిండ్రు. నాకు గూడ చిటికెడే. గా చిటికెడు రుచికే పానం లేసొచ్చింది. మళ్లసారి అమ్మకు పెట్టకుంట పంపు. గప్పటిదాక అన్నం ఎట్ల తినాలె, అనసూర్య మామిడి తొక్కు ఉంటే జర పంపుమను."

సాయంత్రం అనసూర్య వచ్చి పక్కన కూర్చుని, చదివి వినిపించమంది. శంకరవ్వ కళ్లు తుడుచుకుని, ప్రతి మాటా విడమరిచి చదివింది. పానం లేచొచ్చిందన్న మాటను అడగకుండానే మూడుసార్లు చదివింది. ఆఖరి వాక్యం దగ్గరికి వచ్చేసరికి ఆమెకు పొయ్యి మీది పాలు గుర్తొచ్చాయి.