కిటికీ పక్క కుర్చీ

ఆ ఆదివారం పొద్దున స్టోర్‌కీపర్ పెట్టుకున్న పని ఒక్కటే. స్నేహితుడికి ఒక సలహా ఇచ్చి, ఇంటికి వచ్చి, మోకాళ్లకు కాపడం పెట్టుకుని పడుకోవాలి.

ఆయన పనిచేసేది అట్టపెట్టెల ఫ్యాక్టరీలో. స్టోర్ నేల కింద గదిలో ఉంటుంది. బోల్టు కావాలన్నా, బెల్టు కావాలన్నా, రెంచీ కావాలన్నా ఆ మెట్లు దిగాలి, ఎక్కాలి. ఈమధ్య మేడ మీద ఆఫీసులో కిటికీ పక్కన ఒక కుర్చీ ఖాళీ అయింది. "కింద నీ చోట నమ్మకమైన మనిషిని పెట్టు. కుర్చీ నీదే" అన్నాడు మేనేజరు. రిటైరయ్యేలోగా ఎండ మొహం చూస్తూ పనిచెయ్యాలన్నది స్టోర్‌కీపర్ కోరిక. మిగతా కోరికలన్నీ ఎప్పుడో చచ్చాయి.

నమ్మకమైన మనిషి అంటే ఆ స్నేహితుడు పండితుడే. చిన్నప్పుడు ఇద్దరూ బడిలో ఒకే బల్ల మీద కూర్చున్నారు. స్టోర్‌కీపర్ పదో తరగతిలో ఆ బల్ల దిగాడు. పండితుడు ఇంకా దిగలేదు. తల నెరిసింది గానీ చదువు తెమల్లేదు. లైబ్రరీలు నడిపే చదువు రెండుసార్లు చదివాడు. ఒక్క లైబ్రరీ కూడా అతన్ని రమ్మనలేదు. ఇప్పుడు అందులోనే ఇంకా పెద్దది చదవడానికి సాయంకాలం కాలేజీలో సీటు సంపాదించాడు.

"ఉద్యోగమా, చదువా? నువ్వే తేల్చరా" అన్నాడు పండితుడు, స్టోర్ సంగతి విని.

"ఇంకా చదివి ఎవర్ని ఉద్ధరిస్తావురా? చదవేస్తే ఉన్న మతి పోయినట్టుంది నీ వరస. నోరు మూసుకుని ఉద్యోగంలో చేరు."

"మరి ఇన్నేళ్ల చదువూ బూడిదలో పోసిన పన్నీరేనా?"

"ఎందుకవుతుంది? నేర్చుకున్నదంతా తెచ్చి స్టోర్లో పెట్టు. ఎవడొద్దన్నాడు?"

ఆ చివరి మాట అనకుండా ఉండాల్సింది.

ఇంట్లో భార్య వేణ్ణీళ్ల గుడ్డ పిండుతూ అడిగింది. "ఆయన మంచి కోరి చెప్పారా, మీ మోకాళ్ల మంచి కోరి చెప్పారా?"

"రెండూ ఒకటే" అన్నాడు స్టోర్‌కీపర్, గోడవైపు తిరిగి.

మర్నాడు పండితుడికి తాళాలు ఇచ్చి, ఆయన సెలవు పెట్టేశాడు. రెండు వారాలు మెట్లన్నవి చూడలేదు. తిరిగి వచ్చి స్టోర్ తలుపు తీస్తే ఎదురుగా ఒక బోర్డు వేలాడుతోంది: 'నిశ్శబ్దం పాటించండి'. పక్కనే ఎవరో ఇనప గొట్టాలు దింపుతున్నారు.

"ఒరేయ్, బోల్టులేవీ?"

"ఈ గోడకి."

"నట్లు?"

"ఆ గోడకి. చేసిన కంపెనీ పేరు వరసన సర్దాను. పుస్తకాలు రాసినవాళ్ల పేర్ల వరసనే కదా పెడతారు."

"బోల్టునీ నట్టునీ విడదీశావట్రా? మొగుడూ పెళ్లాల్లాంటివి అవి!"

"అందుకే ఇప్పుడు గొడవ లేకుండా ఉన్నాయి" అన్నాడు పండితుడు.

స్టోర్‌కీపర్ నోరు తెరిచేలోగా ఫిట్టరు దిగాడు. చేతిలో నాలుగు జిడ్డు బోల్టులు. వాటిని బల్ల మీద ధడేలున పడేశాడు.

"ఇంద, తీసుకో! గడువు ఇవాళ్టితో సరి. జీతంలో పైసా కోసినా ఊరుకోను."

"ఎక్కడివిరా అవి?" అన్నాడు స్టోర్‌కీపర్.

"జిగురు మిషనువి, బాబాయ్. రెండు వారాల కిందట బిగించా. తీసుకున్న వస్తువేదైనా రెండు వారాల్లో తిరిగివ్వాలి, లేకపోతే రోజుకింత జరిమానా అని చీటీ ఇచ్చాడు ఈ మహానుభావుడు. ఊడదీసి తెచ్చా."

"మరి మిషను?"

"పడుకుంది."

"మళ్లీ కావాలంటే ఇంకో రెండు వారాలకి రాసిచ్చేవాణ్ణిగా" అన్నాడు పండితుడు నొచ్చుకుంటూ.

స్టోర్‌కీపర్‌కు కిటికీ పక్క కుర్చీ కళ్లముందే దూరం జరిగింది. ఇది మేనేజరు చెవిన వేరే నోట పడకముందే తానే చెప్పడం మేలనుకున్నాడు. మోకాళ్లు పట్టుకుని మేడ ఎక్కాడు. "సార్, తప్పు నాదే. అతన్ని తీసెయ్యండి. పుస్తకాల పురుగుని తెచ్చి ఇనుములో వేశాను" అన్నాడు. మేనేజరు విసుగ్గా లేచి, "పద, చూద్దాం" అన్నాడు.

వాళ్లు దిగేసరికి స్టోర్ ముందు వరస కట్టి ఉంది. జరిమానా కబురు ఫ్యాక్టరీ అంతా పాకింది. రెండు వారాలు దాటితేనే జీతం కోస్తే, ఏళ్ల కిందట పట్టుకుపోయిన వాటికి ఎంత కోస్తారో ఎవరికీ అంతుబట్టలేదు. పైగా పండితుడు, ఇవాళ తెచ్చి ఇచ్చినవాళ్లకు జరిమానా మాఫీ అని గేటు దగ్గర కాగితం అంటించాడు. లైబ్రరీల్లో ఏడాదికొకసారి అలాగే చేస్తారట. ఒకడు రెంచీలు తెచ్చాడు. ఒకడు డ్రిల్లు మిషను తెచ్చాడు. వాచ్‌మన్ ఒక సీలింగు ఫ్యాను చంటిపిల్లలా ఎత్తుకుని నిలబడ్డాడు.

మేనేజరు బల్ల మీద పోగైన సామాను చూశాడు. "ఇవన్నీ పోయినట్టు నాకెవరూ చెప్పలేదే? ఇవి పోయినప్పుడు ఇక్కడ ఎవరున్నారు?"

ఎవరున్నారో అందరికీ తెలుసు. అందరూ మర్యాదగా నేల చూశారు.

"అందరూ మనవాళ్లే సార్, అడిగితే ఎలా కాదంటాం..." అని స్టోర్‌కీపర్ నసుగుతుండగా మెట్ల మీద ఏదో టకటకా తగులుతున్న చప్పుడైంది. ముందు నిచ్చెన వచ్చింది. దాని వెనక ఆయన భార్య వచ్చింది.

"ఏమండీ, జరిమానా వేస్తున్నారటగా. ఫిట్టరు వాళ్లావిడ ఇప్పుడే చెప్పింది. ఇంటికి సున్నం వేయించినప్పుడు తెచ్చారే, ఆ నిచ్చెన! మీరేమో మర్చిపోయి వెళ్లారు" అంది, వగరుస్తూ. నిచ్చెన కాళ్ల మీద ఫ్యాక్టరీ పేరు పెద్ద పెద్ద అక్షరాల్లో ఉంది.

"సంతకం పెట్టమ్మా" అన్నాడు పండితుడు.

మేనేజరు తీర్పుకు ఆట్టే సేపు పట్టలేదు. బోల్టులు, నట్లు బిగించేశాక తిరిగి ఇవ్వక్కర్లేదు. మిగతా రూలు రూలే. రూలు పెట్టడం తెలిసినవాడు కింద ఉండకూడదు, మేడ మీద ఆ కిటికీ పక్క కుర్చీలో కూర్చోవాలి. తెలియనివాడు కిందే ఉండి నేర్చుకోవాలి.

"ఈ వయసులో నేనేం నేర్చుకుంటాను సార్?"

"సాయంకాలం కాలేజీలో నా సీటు ఖాళీగానే ఉంది సార్. కాలేజీవాళ్లకి చెప్పి, మొదటి మెట్టు క్లాసులో వేయిస్తాను" అన్నాడు పండితుడు సంబరంగా. మేనేజరు తలూపాడు. వారానికి మూడు సాయంత్రాలు చదువు, పరీక్ష పాసైతేనే ఉద్యోగం.

సాయంత్రం దాకా స్టోర్‌కీపర్ నట్లను మళ్లీ బోల్టుల పక్కకు చేర్చాడు. వెళ్లేముందు పండితుడే వచ్చి భుజం మీద చెయ్యి వేశాడు.

"నా మంచి కోరి నువ్వు చెప్పావు. నేను విన్నాను. ఇప్పుడు నీ మంచి కోరి నేను చెప్తున్నా, చదువుకోరా."

కాలేజీలో క్లాసు మూడో అంతస్తులో. అక్కడ ఆయనకు కిటికీ పక్కనే చోటు దొరికింది. సాయంకాలం క్లాసు కాబట్టి బయట చీకటి తప్ప చూడడానికేమీ ఉండదు.