పటం వెనక కాగితం

ఓట్ల లెక్కింపు నాటి ఉదయం రికార్డమ్మ లేవగానే రెండు గ్లాసుల నీళ్లు గటగటా తాగింది. వంటింటి గుమ్మంలో నిలబడి చూస్తున్న మొగుడు హడలిపోయాడు.

"ఇవాళ ఆఫీసు లేదా?"

"ఎందుకు లేదూ, ఉంది."

"మరి నీళ్లు తాగుతున్నావేం?"

ఆ ప్రశ్నలో వింతేమీ లేదు. రిజిస్ట్రేషను ఆఫీసు రికార్డు గదిలో పంతొమ్మిదేళ్లుగా పనిచేస్తున్న ఆవిడ, ఆఫీసున్న రోజు పొద్దున్న నీటిచుక్క ముట్టదు. ఆవిడే కాదు, అక్కడున్న పదకొండు మంది ఆడవాళ్లూ అంతే. ఆ ఆఫీసులో మగవాళ్లకు ఒక మరుగుదొడ్డి ఉంది. సూపరింటెండెంటుకు తాళంతో సహా ఇంకొకటి ఉంది. ఆడవాళ్లకు లేదు. అవసరం పడితే రోడ్డు దాటి ఎదురుగా ఉన్న బట్టల షాపుకు వెళ్లాలి. షాపు యజమానురాలు మంచి మనిషే కానీ, వచ్చినప్పుడల్లా ఒక జేబురుమాలైనా కొనకపోతే మొహం మాడ్చుకుంటుంది. ఆ పదకొండు ఇళ్లలోనూ జేబురుమాళ్లు బీరువాలు నిండి మంచాల కిందికి చేరాయి.

"ఇవాళ్టితో ఆ పీడ వదులుతుంది. పదింటికి వెళ్తాను, కాగితం తీస్తాను, ఇంజనీరింగు సెక్షనులో ఇస్తాను. అంతే," అంది రికార్డమ్మ, మూడో గ్లాసు ముంచుకుంటూ.

ఆ కాగితం కథ ఆరేళ్ల నాటిది. గొళ్లెం గుర్తు పార్టీ ప్రభుత్వం ఉన్న రోజుల్లో ఆవిడ తిరిగి తిరిగి ఆడవాళ్ల మరుగుదొడ్డికి మొదటి ఉత్తర్వు తెచ్చింది. ఇంజనీరింగు సెక్షనులో ఇస్తే, నెల తరవాత అసలు మాకు అందనే లేదు పొమ్మన్నారు. పలక గుర్తు పార్టీ వచ్చాక రెండో ఉత్తర్వు వచ్చింది. దాన్ని రికార్డు గదిలో ఎలుకలు ముద్రతో సహా తినేశాయి. రెండు నెలల క్రితం మంత్రిగారి ఆఫీసు ముందు నాలుగు రోజులు నిలబడి మూడోది సంపాదించింది. అప్పుడు ఇంజనీరు కొత్త పాట అందుకున్నాడు.

"ఎన్నికలయ్యేదాకా కొత్త పనుల కాగితాలు తీసుకోమమ్మా. లెక్కింపు రోజు సాయంత్రం అయిదు లోపల ఇవ్వండి. ఆ తరవాత ప్రభుత్వం మారితే చెల్లదు. ఏ ప్రభుత్వం ఉత్తర్వు ఆ ప్రభుత్వం ఉన్నంతవరకే."

"అంటే ఒక్కరోజేనా?"

"ఒక్కరోజు ఉంది కదమ్మా!" అన్నాడాయన, తన ఆస్తిలోంచి తీసి ఇస్తున్నట్టు.

రెండు నెలలు ఆ కాగితాన్ని ఎక్కడ దాచాలి? రికార్డు గదిలో ఎలుకలు. బీరువాలో వాన నీరు. సూపరింటెండెంటు చేతికిస్తే ఆయన ఊగే బల్ల కింద మడిచి పెట్టినా పెడతాడు. ఆ ఆఫీసులో దుమ్ము పడకుండా, తడి తగలకుండా, ఎవరూ వేలు పెట్టకుండా ఉండే వస్తువు ఒక్కటే. హాలులో వేలాడే ముఖ్యమంత్రి పటం. దాని అద్దాన్ని సూపరింటెండెంటు రోజూ స్వయంగా తుడుస్తాడు. అందుకని ఒక సెలవురోజు తాళాల బాబాయి చేత తలుపు తీయించి, ఆవిడ ఆ పటం వెనక అట్ట విప్పి, కాగితం లోపల పెట్టి, మళ్లీ మేకులు కొట్టేసింది. తాళాల బాబాయి అంటే ఆఫీసు అటెండరు. అన్ని తాళంచెవులూ ఆయన నడుముకే ఉంటాయి.

ఎంత తెలివైన పనో చూడండి. ముప్పయ్యేళ్ల నాటి దస్తావేజు అడిగినా నిమిషంలో తీసిచ్చే మనిషికి, ముఖ్యమంత్రి పటానికి కూడా గడువుంటుందన్న సంగతి మాత్రం తట్టలేదు.

పదింటికి ఆఫీసుకు చేరేసరికి గోడ మీద నలుచదరంగా తెల్లటి మచ్చ ఉంది. పటం లేదు. ఎప్పుడూ పదకొండు దాటితే గానీ రాని సూపరింటెండెంటు, ఏడింటికే వచ్చి టీవీ ముందు కూర్చున్నాడట.

"సార్, పటమేది?"

"గొళ్లెం పార్టీ ముప్పయ్యొక్క చోట్ల ముందుందమ్మా! గాలి మారింది. కొత్తాయన ఫోటో వేయించమని ఫ్రేముల షాపుకు పంపేశాను. ఊళ్లో అందరికంటే ముందు మన ఆఫీసులోనే ఉండాలి!"

రికార్డమ్మకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఆరేళ్లుగా ఒక్క గోడ కట్టించలేని మనిషి, గోడ మీద బొమ్మ మార్చడానికి తెల్లారగానే పరుగెత్తుకొచ్చాడు! ఏడో నెల కడుపుతో టైపిస్టు పిల్ల రోజుకు నాలుగుసార్లు ఆ రోడ్డు దాటుతోంది. పోయిన వారం ఒక బండి ఆమె చీర అంచు రాసుకుంటూ పోయింది. అప్పుడు ఈయన కుర్చీలోంచి లేవనైనా లేదు.

నిజం చెప్పేస్తే సరిపోయేది. కానీ మరుగుదొడ్డి కాగితాన్ని ముఖ్యమంత్రి వీపు వెనక దాచానని చెబితే, ఆయన ముందు ఆవిడ మీద ఫిర్యాదు రాసి, తరవాతే ఊపిరి పీలుస్తాడు. సరిగ్గా అప్పుడే తమ్ముడు ఫోన్ చేశాడు. అతను లెక్కింపు కేంద్రానికి మంచినీళ్ల క్యాన్లు మోసే వ్యాను డ్రైవరు. సాయంత్రం వచ్చి ఎక్కించుకోనా అని అడిగాడు.

"అయిదు దాకా ఏదీ ఖాయం కాదురా. ఇక్కడ తొందరపడి పటం దించేసి కూర్చున్నారు. నేను దాన్ని వెనక్కి తెప్పిస్తే గానీ లాభం లేదు," అందావిడ ఒళ్లు మండి.

సూపరింటెండెంటు చెవులు నిక్కాయి. "ఎవరమ్మా ఫోన్లో?"

"మా తమ్ముడండీ. లెక్కింపు కేంద్రం నుంచి."

ఆయన మొహంలో నెత్తురు చుక్క లేదు. లెక్కింపు కేంద్రం నుంచి మనిషి ఫోన్ చేశాడు. అయిదు దాకా ఏదీ ఖాయం కాదన్నాడు. పటం దించడం తొందరపాటన్నాడు. ఆయనకు ఇంకేం కావాలి?

"వెంటనే వెళ్లి తీసుకురండమ్మా! పాతాయనే ఉండనీ! నేను దించినట్టు ఎవరికీ చెప్పకండి!"

అన్నాడు గానీ, ఆవిడ మెట్లు దిగేలోపే తనే పన్నుల ఆఫీసుకు ఫోన్ చేసి చెవిలో ఊదాడు. పన్నుల ఆఫీసు నీళ్ల ఆఫీసుకు, నీళ్ల ఆఫీసు తక్కిన వాళ్లందరికీ ఊదింది.

ఫ్రేముల షాపు ముందు నలభై ఆఫీసుల పటాలు గోడకు జారగిలబడి ఉన్నాయి. అన్నీ ఒకే కొలత, ఒకే రంగు చెక్క. అన్నిట్లోనూ ఒకే నవ్వు. తమ సూపరింటెండెంటు ఒక్కడే ముందుచూపు గలవాడు కాదని ఆవిడకు అప్పుడు అర్థమైంది.

"మాది ఇంకా విప్పలేదు కదండీ?" అని షాపాయన్ని అడిగింది, ప్రాణాలు ఉగ్గబట్టుకుని.

"విప్పడమేమిటమ్మా? నేను పాతది తీయను. దాని మీదే కొత్తది పెడతాను. పారేస్తే నేరం, ఇంట్లో పెట్టుకుంటే అనుమానం. లోపలే ఉంటే మళ్లీ ఆయనే గెలిచినప్పుడు పైకి తీయొచ్చు. సందు మిగలకుండా ఆఫీసుల వాళ్లే ఏవో చెత్త కాగితాలు కుక్కి పంపుతారు."

"మాదేదో ఎలా తెలుస్తుంది?"

"వెనక సుద్దముక్కతో ఆఫీసు పేరు రాశాను, చూసుకోండి."

ఆవిడ చూసుకునే లోపలే సందు మొగలో కేకలు వినిపించాయి. పలక పార్టీయే గెలుస్తోందట, లెక్కింపు కేంద్రంలో పెద్దమనిషే చెప్పాడట, పటాలు మార్చొద్దట. నలభై మంది అటెండర్లు ఒక్కసారిగా వచ్చి పడ్డారు. ఒకరి చేతిలోది ఒకరు లాక్కున్నారు. పటాలు ఒకదాని మీద ఒకటి దొర్లాయి. సుద్ద రాతలు చొక్కాలకీ చేతులకీ అంటుకుని చెరిగిపోయాయి. పొద్దున్న పటం తెచ్చి అక్కడే ఉన్న తాళాల బాబాయి చేతికందిన పటం చంకన పెట్టుకుని గుంపులోంచి బయటపడ్డాడు.

"ఇది మనదేనా బాబాయ్?"

"మనదే అనుకుందాం అమ్మాయ్! ఇంకాసేపుంటే ఇదీ మిగలదు."

లెక్కింపు రోజు రద్దీలో పడి ఆఫీసుకు చేరేసరికి సాయంత్రం నాలుగయింది. పొద్దుటి నీళ్లు తమ సంగతి గుర్తుచేయడం మొదలుపెట్టాయి. రికార్డమ్మ పళ్లు బిగించి, బాబాయితో రికార్డు గదిలోకి వెళ్లి, తలుపు గడియ పెట్టి, కత్తెరతో మేకులు పీకింది. అట్ట తీసింది. తను మడిచి పెట్టిన కాగితం లేదు. పలక నాయకుడి వెనక గొళ్లెం నాయకుడున్నాడు, ఆయన వెనక ఇంకో పలక నాయకుడు. ముగ్గురి మధ్యా ఇంజనీరింగు సెక్షను వాళ్ల పాత బిల్లులూ సెలవు చీటీలూ ఉన్నాయి.

"బాబాయ్, కొంప మునిగింది. ఇది ఇంజనీరింగు వాళ్ల పటం."

ఆవిడ నేల మీద చతికిలబడింది. ఏడుపొచ్చింది. తన కోసం కాదు, ఆ టైపిస్టు పిల్లకు ఏం చెప్పాలా అని. చిరాకు పట్టలేక ఆ చెత్త కాగితాలను ఒక్కొక్కటే విసిరికొడుతుంటే, నాలుగోదాని మీద తన చేతిరాత కనబడింది. "పదకొండు మంది మహిళా సిబ్బంది తరపున సవినయంగా" అని మొదలవుతుంది. దాని వెనక పిన్నుతో గుచ్చి ఉత్తర్వు ఉంది. ఆరేళ్ల నాటి మొదటి ఉత్తర్వు! మూలన అందినట్టు ముద్ర, తేదీ, పొడుగాటి సంతకం.

ముందు సంతోషం రాలేదు, ఒళ్లు తెలియని కోపం వచ్చింది. ఆరేళ్లు! పదకొండు మంది ఆడవాళ్లు ఆరేళ్లపాటు గొంతెండి, కడుపు నొప్పి ఓర్చుకుని, ఎండలో వానలో రోడ్డు దాటింది ఎందుకనుకున్నారు? ఒక ఫోటో అద్దంలో వదులుగా ఆడకుండా ఉండటానికి!

ఇంజనీరింగు సెక్షను ఎదురు భవనంలో ఉంది. ఆవిడ వెళ్లేసరికి నాలుగూ నలభై. ఇంజనీరు గదిలో టీవీ మోగుతోంది. గొళ్లెం పార్టీ తిరుగులేకుండా గెలిచేసింది. పలక పార్టీ కార్యాలయం ముందు కుర్చీలు మడతపెడుతున్నారు.

"ఆలస్యమైందమ్మా," అన్నాడు ఇంజనీరు జాలిగా. "పలక వాళ్లు పోయారు. మీ ఉత్తర్వు చెల్లదు. ఏ ప్రభుత్వం ఉత్తర్వు..."

"ఆ ప్రభుత్వం ఉన్నంతవరకే. తెలుసండీ. మరి పోయిన ప్రభుత్వమే మళ్లీ వస్తే?"

"వస్తే చెల్లుతుంది. కానీ..."

"అయితే ఇది చూడండి. గొళ్లెం పార్టీ మంత్రిగారి సంతకం."

ఆయన కళ్లజోడు సవరించుకున్నాడు. "ఇది మాకు అందనే లేదే!"

"ముద్ర మీదే. కింద సంతకం ఎవరిదో చదివి చెప్పండి. నాకు మీ రాత అర్థం కావడం లేదు."

ఆయన బొటనవేలితో ఆ సంతకాన్ని కప్పేశాడు. "ఎక్కడ దొరికింది?" అన్నాడు చివరికి.

"మీ పటంలోనే. గెలిచిన మంత్రిగారి సంతకాన్ని ఓడిన నాయకుడి వీపు వెనక సందు పూడ్చడానికి కుక్కారు. ఈ మాట మంత్రిగారికి నేను చెప్పనా, మీరు చెబుతారా?"

ఇంజనీరు లేచి తలుపు వేశాడు. తరవాత సొరుగు తీసి, తన చేత్తోనే ముద్ర కొట్టి, పని మొదలుపెట్టమని రాసి, ఆవిడకు నకలు ఇచ్చాడు. గోడ గడియారం నాలుగూ యాభై ఎనిమిది చూపిస్తోంది.

"చాలా సంతోషమండీ. ఇంతకీ మీ సెక్షనులో ఆడవాళ్ల మరుగుదొడ్డి ఎటువైపు?" అని అడిగింది రికార్డమ్మ, ఇక ఆగలేక.

"మాకూ లేదమ్మా. మేం కట్టేవాళ్లం, మాకెవరు కడతారు?"

ఆవిడ నకలు పట్టుకుని మెట్ల మీంచి పరుగే పరుగు. బట్టల షాపులో ఆ సాయంత్రం కొన్న జేబురుమాలు అప్పటికి ఆవిడ కొన్నవాటిలో ఎన్నోదో ఆవిడకే తెలియదు. మూడో ఉత్తర్వు ఎవరి ఆఫీసులో ఎవరి వీపు వెనక ఉందో ఇప్పటికీ ఎవరికీ తెలియదు.

నాలుగు నెలల్లో మరుగుదొడ్డి లేచింది. టైపిస్టుకు అప్పటికే ఆడపిల్ల పుట్టింది. ఆమె సెలవు ముగించుకుని వచ్చేసరికి తలుపుకు తాళం వేసి ఉంది. పై అధికారులు తనిఖీకి వస్తే శుభ్రంగా ఉండాలని సూపరింటెండెంటు తాళం వేయించి, చెవి తన సొరుగులో పెట్టుకున్నాడు. రికార్డమ్మ ఈసారి అరవలేదు. తాళాల బాబాయితో మారు తాళంచెవి చేయించింది. దాన్ని ఎక్కడ పెట్టాలా అని ఆలోచించాల్సిన పని కూడా లేకపోయింది. హాలులో కొత్త ముఖ్యమంత్రి పటం వెనక చిన్న మేకు కొట్టించి, దానికి తగిలించింది. సూపరింటెండెంటు రోజూ తుడిచేది ముందువైపే.

ఆయన తన గదిలోంచి చూస్తుంటాడు. పదకొండు మంది ఆడవాళ్లూ రోజుకు మూడు నాలుగుసార్లు ఆ పటం దగ్గరికి వెళ్తారు, ఆత్రంగా దాన్ని తాకుతారు, కాసేపటికి ఎంతో ప్రశాంతంగా తిరిగొచ్చి మళ్లీ తాకుతారు. ఈ ప్రభుత్వానికి ఆడవాళ్లలో ఇంత ఆదరణ తన సర్వీసులో ఎన్నడూ చూడలేదని ఆయన పై అధికారులకు నివేదిక పంపాడు.