పదకొండు గడులూ ఒక లక్క రికార్డూ

పాటలు వినేవాళ్ళ మీద నాకు పెద్దగా గౌరవం లేదు.

వినడానికి ఏముంది? చెవులుంటే చాలు. మా పెరట్లో తిరిగే పిల్లి కూడా వింటుంది. పాట మొదలుకాగానే కళ్ళు మూసుకుని తల ఊపడం ఎవరైనా చేస్తారు. కళ్ళు తెరిచి రికార్డు అంచున వంకర ఎంతుందో చూడటం, పాటకు ముందు వచ్చే చిటపటల్ని వేళ్ళ మీద లెక్కపెట్టడం, "ప్చ్, రెండో ప్రెస్సింగ్" అని నిట్టూర్చడం... ఇదీ సంగీతం తెలిసినవాళ్ళ లక్షణం. ఏడాదిగా నేను అదే చేస్తున్నాను. ఇంకా పదిహేడు నిండలేదు, అప్పుడే ఎంత ఎదిగానో చూడండి!

ఫోన్‌లో నొక్కితే వచ్చే పాట కోసం మళ్ళీ ఈ నల్ల పళ్ళేల పిచ్చి ఏమిటని పెద్దలు విసుక్కుంటున్నారు. దుమ్ము, బరువు, చోటు దండగ అంటున్నారు. వాళ్ళకు నా సవినయమైన జవాబు ఈ వ్యాసం. రికార్డుల పిచ్చి బెడద కాదు, వరం. ముఖ్యంగా నాలాంటి మొహమాటస్తులకు.

ఒకప్పుడు ఇంటికి ఎవరైనా వస్తే నేను తలుపు వెనక్కి పోయేదాన్ని. తలుపు వెనక చోటు లేకపోతే పుస్తకం వెనక్కి. ఇప్పుడా అవసరమే లేదు. కిటికీ దగ్గర కూర్చుని, రికార్డును వెలుతురుకు ఏటవాలుగా పట్టుకుని, ఒక కన్ను మూసి చూస్తూ ఉంటాను. వచ్చినవాళ్ళు నన్ను పలకరించబోయి ఆగిపోతారు. "ఏదో పనిలో ఉంది" అని గొంతు తగ్గించి మాట్లాడుకుంటారు. ఏ చదువు ఇస్తుందండీ ఇంత మర్యాద?

తెలియనివాళ్ళ కోసం కొంచెం శాస్త్రం చెబుతాను. రికార్డుకు ఒక అచ్చు ఉంటుంది. వేడి ముద్ద మీద ఆ అచ్చుతో ముద్ర వేసినట్టు నొక్కుతారు. అదే ప్రెస్సింగ్. అచ్చు కొత్తగా ఉన్నప్పుడు నొక్కినవి బాగుంటాయి. అరిగాక నొక్కినవి అరిగినట్టే ఉంటాయి. మా బడిలో ప్రశ్నపత్రానికి కాపీ, ఆ కాపీకి ఇంకో కాపీ తీస్తూ పోతే, చివరి బెంచీకి వచ్చేసరికి త్రిభుజం గుండ్రంగా అయిపోయేది. అదే సూత్రం. నేను చివరి బెంచీ కాబట్టి ఈ సూత్రం నాకు చిన్నప్పుడే ఒంటబట్టింది.

నా దగ్గర నూట నలభై రికార్డులున్నాయి. ఊరంతా కాటా బాబాయి అని పిలిచే పాత సామాన్ల ఆయన ఇచ్చినవే, ఒక్కటి తప్ప. రికార్డుల ప్లేయరు కూడా ఆయన తెచ్చిందే. దాని పెట్టెకు చెదపట్టి ఉంటే, వడ్రంగం చేసే మా మామయ్య కొత్త పెట్టె చేసి బిగించాడు. మామయ్య పని చేసే వసారాలోనే ఒక మూల దాన్ని పెట్టాం. బరువున్న రికార్డు మంచిదని విని, నేను ప్రతి దాన్నీ కాటా మీద పెట్టి చూడమనేదాన్ని. "నలభై ఏళ్ళుగా నా దగ్గర కొనేవాళ్ళలో తూకం తక్కువ చూపించమనే వాళ్ళనే చూశాను తల్లీ, ఎక్కువ ఉండాలని ఏడ్చేదానివి నువ్వొక్కదానివే" అన్నాడు బాబాయి.

ఈ నూట నలభైకీ నేనొక రిజిస్టరు పెట్టాను. రికార్డుకొక వరస, వరసకు పదకొండు గడులు: బరువు, మందం, వంకర, గీతలు, టిక్కులు, బుస, గుర్రు, మధ్య చిల్లు పక్కకు జరిగిందా, లేబుల్ రంగు, అంచు, చివర పాట అయిపోయాక ఉండే నున్నటి చోట గీకిన అంకెలు. ఒక్కో రికార్డుకు మొదట అర నిమిషం, చివర అర నిమిషం వింటాను. మధ్యలో పాట ఉంటుంది. దాంతో నాకు పని లేదు.

"ఏమే, ఒక్కటైనా పూర్తిగా పెట్టవా? చిత్రిక పడుతుంటే తోడుగా ఉంటుంది" అని మామయ్య చాలాసార్లు అడిగాడు.

"సూది అరుగుతుంది మామయ్యా."

"నీ చెవులు మాత్రం కొత్తవి కొత్తవిగానే ఉన్నాయి. వాడితేగా."

ఇలాంటి ఎగతాళికి నిపుణులు జవాబు చెప్పరు. నేనూ చెప్పలేదు. డైరీలో మాత్రం ఒక పేజీన్నర రాశాను.

ఇక నా శాస్త్రానికి అసలు పరీక్ష మా అమ్మమ్మ.

అమ్మమ్మ దగ్గర ఉన్నది ఒకే ఒక్క రికార్డు. వాళ్ళ నాన్న కొన్నది, పాత చీర ముక్కలో చుట్టి పెట్టె అడుగున దాచుకున్నది. ప్లేయరు బాగయిన రోజున బయటికి తీసింది. అప్పటినుంచి రోజూ మధ్యాహ్నం గిన్నెలు తోమడం అయ్యాక, చేతులు కొంగుకు తుడుచుకుంటూ వచ్చి పీట వేసుకుని కూర్చునేది. "ఊఁ, పెట్టు" అనేది. ఆ ఒక్క రికార్డే నేను మొదలునుంచి చివరిదాకా తిప్పాల్సి వచ్చేది. తిప్పుతూ టిక్కులు లెక్కపెట్టుకునేదాన్ని.

ఎంత నాసిరకమో మీరు ఊహించలేరు. "కిటికీ తీసి చూడవే, వాన వెలిసిందీ" అని ఎవరో ఆవిడ పాడుతుంది. పాటలో వాన వెలిసింది గానీ రికార్డులో వెలవలేదు. మొదటినుంచి చివరిదాకా రేకుల కప్పు మీద జడివానే. పైగా "చూడవే" దగ్గర లోతైన గీత ఒకటి ఉంది. సూది అక్కడికి రాగానే వెనక్కి జారిపోయేది. చూడవే, చూడవే, చూడవే... నేను బల్ల మీద వేలితో ఒక దెబ్బ వేస్తే ముందుకు గెంతేది. సగటున నాలుగు చూడవేలకు ఒక దెబ్బ. ఇదీ రిజిస్టరులో ఉంది.

"అమ్మమ్మా, ఇది చాలా తక్కువ రకం ప్రెస్సింగ్" అని ఒకరోజు మెల్లగా చెప్పాను.

"అంటే?"

"చప్పుడెక్కువ. గీత కూడా ఉంది."

"నేనూ అంతే కదే. నన్నూ కాటా మీద పెడతావా?" అంది. తర్వాత రికార్డును ఒళ్ళో పెట్టుకుని, ఆ గీత మీద గోటితో రాస్తూ, "ఇది మా చెల్లి వేసింది. ఐదేళ్ళప్పుడు పరుగెత్తుకొచ్చి గ్రామఫోను మీద పడింది. పలక మీద ఒక్క అక్షరం గీయలేదు గానీ, దీని మీద గీసింది" అని నవ్వింది.

ఆ చిన్నమ్మమ్మను నేను చూడలేదు. పదేళ్ళు నిండకుండానే పోయిందట. ఇంట్లో ఆవిడ ఫొటో కూడా లేదు. నేను గీతల గడిలో "ఒకటి, లోతైనది, మార్కులు తగ్గించడమైనది" అని రాసుకున్నాను.

మంచి మనసుతో చేసిన పని అని ముందే చెప్పుకుంటున్నాను. ఒక ఆదివారం, అమ్మమ్మ పక్కింటికి వెళ్ళినప్పుడు, ఆ రికార్డును శుభ్రం చేసి జడివాన ఆపేద్దామని నిశ్చయించాను. రికార్డుల సంగతులు చెప్పే గడ్డం ఆయన ఒకరు ఫోన్‌లో కనిపిస్తుంటాడు. ఆయన స్పిరిట్‌లో ముంచిన మెత్తటి బట్టతో తుడవమన్నాడు. వీడియో పదిహేను నిమిషాలుంది. నేను మొదటి అర నిమిషం, చివరి అర నిమిషం చూశాను. అలవాటు.

స్పిరిట్ మామయ్య దగ్గర ఉంది. పాలిష్‌కు వాడతాడు. సీసా తీసుకుంటుంటే పక్కనే డబ్బాలో లక్క పెళ్ళలు అదే స్పిరిట్‌లో కరిగి తేనెలా మెరుస్తున్నాయి. చూశాను. రంగు బాగుందనుకున్నాను.

పాతకాలం రికార్డులు ప్లాస్టిక్‌వి కావు, లక్కవి. ఈ సంగతి నాకు తెలుసు. అమ్మమ్మ రికార్డు వరసలో, మందం పక్కన, "లక్క" అని రాసింది నేనే.

తుడుస్తుంటే బట్ట నల్లబడింది. ఎన్ని ఏళ్ళ మురికో అని సంతోషపడ్డాను. ఇంకాస్త స్పిరిట్ పోసి గట్టిగా రుద్దాను. ఇంకా నల్లగా వచ్చింది. ఇంకా సంతోషపడ్డాను. ఆరాక చూస్తే రికార్డు మీద మెరుపు లేదు, మబ్బు పట్టిన అద్దంలా ఉంది. అప్పుడు తెలిసింది, బట్టకు అంటింది మురికి కాదని. పాట.

అయితే నిపుణులు కంగారుపడరు. మధ్యాహ్నం అమ్మమ్మ పీట వేసుకోగానే, "ఇవాళ వద్దమ్మమ్మా, లక్కకు విశ్రాంతి కావాలి" అన్నాను.

"సరే" అంది.

మర్నాడూ అదే చెప్పాను. "నిన్నే కదే విశ్రాంతి?"

"పాతది కదా. ఎక్కువ కావాలి."

"నాకూ ఎవరైనా ఇలా చెప్పి పడుకోబెడితే బాగుండు" అని లేచింది. మూడో రోజు అడగను కూడా అడగలేదు. పీట మీద కాసేపు ఊరికే కూర్చుని వెళ్ళింది. ఆమె నా మాట నమ్మింది. నా శాస్త్రాన్ని మా ఇంట్లో నమ్మిన మొదటి మనిషి ఆవిడే. ఆ మూడు రోజులూ నాకు అన్నం దిగలేదు. ఆ విషయం రాయడానికి రిజిస్టరులో గడి లేదు గనక డైరీలో రాశాను.

నాలుగో రోజు అమ్మమ్మ కూర్చుని ఉండగానే మామయ్య చేతిలో బట్ట పట్టుకుని వచ్చాడు.

"నా పాలిష్ బట్ట ఎవరు వాడారే? నల్ల పాలిష్ నేనెవరికీ వేయలేదే."

నేను తలుపు వైపు చూశాను. దాని వెనక చోటుంది గానీ, అక్కడిదాకా వెళ్ళే దారిలో మామయ్య ఉన్నాడు. ఆయన నా గోళ్ళ కింది నలుపు చూశాడు, మూలనున్న చీర ముక్క మూట చూశాడు, బట్ట వాసన చూశాడు.

"లక్కను స్పిరిట్‌తో తుడిచావా?"

నేను వేళ్ళు వెనక్కి దాచుకున్నాను.

"ముప్పై ఏళ్ళుగా నేను చేస్తున్న పని అదేనే. లక్కను స్పిరిట్‌లో కరిగించడం. రోజూ నీ ఎదురుగానే చేస్తున్నాను" అన్నాడు. తిట్టినా బాగుండేది. ఆశ్చర్యపోతూ అన్నాడు.

అమ్మమ్మ చెయ్యి చాచింది. రికార్డు ఇచ్చాను. గోటితో గీత కోసం తడిమింది. ఒకసారి చుట్టూ తడిమి, మళ్ళీ తడిమింది. గీత తగల్లేదు.

మామయ్య రికార్డు తీసుకుని ప్లేయరు మీద పెట్టాడు. గరుకు కాగితంతో చెక్క రుద్దినట్టు ఒకటే చప్పుడు. "ఇది నా పాటే" అన్నాడు మెల్లగా. ఎవరూ నవ్వకపోయేసరికి సూది ఎత్తేశాడు.

అమ్మమ్మ కొంగుతో ముఖం తుడుచుకుంది. దగ్గింది. తర్వాత, గిన్నెలు సర్దుకుంటున్నప్పుడు మాట్లాడుకునేంత మామూలుగా, పాడటం మొదలుపెట్టింది. "కిటికీ తీసి చూడవే..."

"చూడవే" దగ్గరికి వచ్చి ఆగింది. మళ్ళీ "చూడవే" అంది. మళ్ళీ "చూడవే". వయసు వల్ల మాట మరిచిపోయిందనుకుని నేను తలెత్తాను. ఆమె నన్నే చూస్తోంది. చూడవే. చూడవే. నాలుగు దాటింది, ఆరు దాటింది.

"కొట్టవేం?" అంది మధ్యలో. "నా గొంతు ఇక్కడే అరిగిపోవాలా?"

బల్ల మీద వేలితో ఒక దెబ్బ వేశాను. పాట ముందుకు గెంతింది.

ఆ పాటకు రెండో చరణం ఉందని నాకు ఆ రోజే తెలిసింది. అందులో వాన వెలిశాక ఒక చిన్నపిల్ల చెప్పులు మరిచి నీళ్ళలోకి పరుగెడుతుంది. రోజూ నా ముందే తిరిగిన పాట అది. రికార్డులో ఆ పిల్ల పరుగెడుతున్నంతసేపూ నేను టిక్కులు లెక్కపెట్టాను, నలభై ఆరు.

పాఠకులారా, నా వాదన ఏమీ మారలేదు. రికార్డుల పిచ్చి వరమే. ఒక్క చిక్కు మాత్రం వచ్చిపడింది. అమ్మమ్మ ఇప్పుడు రోజూ మధ్యాహ్నం పాడుతోంది, నేను రోజూ బల్ల మీద కొడుతున్నాను. ఆమెను రిజిస్టరులో ఎక్కించాలి కదా. టిక్కుల గడిలో దగ్గు రాశాను. బుస ఉంది, ఆయాసం వల్ల. గుర్రు గడి చదివి అమ్మమ్మ, "అది మీ మామయ్యకు రాసుకో" అంది. గీతల గడిలో "ఒకటి, లోతైనది" అని రాసి, "మార్కులు తగ్గించడమైనది" అన్నది మాత్రం రాయలేకపోయాను. రెండో కాపీ దొరకదని కాటా బాబాయి కూడా ఒప్పుకున్నాడు.

పదకొండు గడులూ నింపాక ఇంకా ఏదో మిగిలిపోయింది. పేజీ చివర చోటు లేకపోయినా ఇరికించి పన్నెండో గడి గీశాను. దాని పైన "పాట" అని రాసి, అమ్మమ్మ వరసలో రెండు చరణాలూ చిన్న అక్షరాలతో ఎక్కించాను. పైన ఉన్న నూట నలభై వరసల్లో ఆ గడి ఖాళీగా ఉంది.

పాటలు వినేవాళ్ళ మీద నాకు గౌరవం లేదని మొదట్లో రాశాను. ఆ వాక్యం కొట్టేద్దామనే అనుకున్నాను. గీత పడితే కాగితం విలువ తగ్గుతుందని ఊరుకున్నాను.